మంచుకడలిలో సాక్షి

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ శుభసమయమున నేను ప్రబంధములను గూర్చియో పురాణములను గూర్చియో మాటలాడుదునని పలువురు తలంచియుందురు. కాని మన గ్రంథాలయమున ఎక్కువ చేతులు మారినవియు, అట్టలు మొదట ఊడినవియు ఏ పుస్తకములని విచారించితినేని, అవి బొమ్మలుగల పుస్తకములే. పలక పట్టిన బాలుడు మొదలు కళ్లజోడు పెట్టిన తాతవరకు వానినే ముందుగా చేతికి తీసికొందురు. అందును మంచుగడ్డలపై నిలిచిన పెంగ్విన్ పక్షులు, తెల్ల యెలుగుబంట్లు, నీటినుండి తలయెత్తిన తిమింగలములు గల పుటలు మరింత నలిగియున్నవి. ఆ చిత్రములను తీసినవారెవరు? ఎట్లు తీసిరి? ఆ చిత్రములను మనమెంతవరకు నమ్మవచ్చును? నేటి నా ప్రసంగమునకు ఈ మూడు ప్రశ్నలే విషయము.

మన కవులకు మంచు అనగా హిమాలయమే. పెద్దనామాత్యుని మనుచరిత్రలో ప్రవరుడు దూరదేశములను చూడవలెనను కోరికతో సిద్ధుడిచ్చిన పాదలేపము పూసికొని హిమవంతమునకు పోయెను. అచటి మంచునీట ఆ లేపము కరగిపోగా తిరిగిరాలేక చిక్కుపడెను. ధ్రువసముద్రములకు పోయిన ఛాయాగ్రాహకుల కథలన్నియు ఇంచుమించు ఇట్టివే. చూడవలెనను కోరిక మనుష్యుని అచటికి కొనిపోవును. వెంట తెచ్చుకొన్న సాధనము ఆ మంచులో పనిచేయుట మానును. ఆ మీద నిలుచునది మనుష్యుని ఓర్పు ఒక్కటియే.

ముందుగా ఆ ప్రదేశముల స్వరూపమును రెండు మాటలలో చెప్పెదను. ఉత్తర ధ్రువమున నడుమ సముద్రము, చుట్టును భూమి. దక్షిణ ధ్రువమున నడుమ అంటార్కిటికా ఖండము, చుట్టును సముద్రము. తెల్ల యెలుగుబంటి ఉత్తరమున మాత్రమే గలదు. దక్షిణపు మంచుపై బ్రతుకు పెంగ్విన్ ఉత్తర ధ్రువమున కానరాదు. ఈ రెండును ఒకే మంచుగడ్డపై నిలిచినట్లు ఏ బొమ్మయందైన కనబడినచో అది చిత్రకారుని కల్పన యని పిల్లలు సైతము చెప్పవచ్చును. ఉప్పునీరు మామూలు నీటివలె సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టదు. సున్నకు దిగువ దాదాపు 1.8 డిగ్రీలకు చేరిన పిమ్మటనే గడ్డకట్టును. ఆ నీటిలోనే చేపలు, సీళ్లు, తిమింగలములు సుఖముగా సంచరించును.

ఆ చలిలో కెమేరాకు వచ్చు కష్టములు పెక్కు. మరలలోని చమురు గట్టిపడి మరలు కదలవు. ఫిల్ము పెళుసై విరుగును. వెలుపలి చలినుండి వెచ్చని గదిలోనికి తెచ్చినంతనే అద్దములపై చెమ్మ పట్టును. ఒట్టిచేతితో లోహమును తాకినచో చర్మము అంటుకొని ఊడివచ్చును. హెర్బర్ట్ పాంటింగ్ అను ఆంగ్లేయుడు పనిలో పరాకుగా నాలుకను కెమేరా లోహపు భాగమునకు తాకించి, అది అతుకుకొనిపోగా, చర్మము పోగొట్టుకొని విడిపించుకొనెనని తన గ్రంథమున వ్రాసికొనినాడు.

ఈ పాంటింగ్ కెప్టెన్ స్కాట్ నాయకత్వమున 1910లో దక్షిణ ధ్రువయాత్రకు బయలుదేరిన టెర్రా నోవా నౌకలో ఛాయాగ్రాహకుడుగా పోయెను. ఆ కాలమున చిత్రములు బరువైన గాజుపలకలపై తీయుచుండిరి. 1911 జనవరిలో ఎవాన్స్ అగ్రమువద్ద నౌక నిలిచియుండగా, ఓర్కాలను హంతక తిమింగలములు ఆరేడు మంచు అంచువెంట తిరుగుచుండెను. వానిని దగ్గరనుండి చిత్రించు ఆశతో పాంటింగ్ కెమేరా పట్టుకొని అంచునకు పరుగెత్తెను. అచట రెండు కుక్కలు కట్టబడియుండెను. మరుక్షణమున కాలిక్రింది మంచు పెద్ద ధ్వనితో పైకి లేచి ముక్కలు ముక్కలయ్యెను. రెండున్నర అడుగుల మందముగల ఆ మంచును తిమింగలములు క్రిందినుండి వీపులతో కొట్టి పగులగొట్టినవి. పిదప ఒక్కొక్కటియు తల పైకెత్తి ఆహారమెచట పడినదో యని పరికించినది. పాంటింగ్ కదలుచున్న ముక్కనుండి ముక్కకు దుమికి ప్రాణములతో బయటపడెను. కుక్కలును బ్రతికినవి.

ఇచట ఒక్క విషయము గమనింపుడు. ఆ ఘట్టమును మనకు తెలుపునది ఛాయాచిత్రము కాదు. స్కాట్ దినచర్యలో వ్రాసికొన్న మాటలు. ప్రాణములకై పరుగెత్తువాడు చిత్రమెట్లు తీయగలడు? కావున చిత్రము లేని చోట మాట సాక్ష్యము, మాట చాలని చోట చిత్రము సాక్ష్యము. రెండింటికిని గ్రంథాలయమున చోటున్నది. పాంటింగ్ తీసిన చలనచిత్రము 1924లో మహాశ్వేతనిశ్శబ్దము అను అర్థమిచ్చు పేరుతో ప్రదర్శింపబడెను. పెంగ్విన్ల సంసారమును, తల్లి సీలు పిల్లను నీటికి అలవాటు చేయుటను లోకము అట్టి చిత్రములవలననే చూడగలిగెను.

రెండవవాడు ఆస్ట్రేలియా దేశీయుడైన ఫ్రాంక్ హర్లీ. షాకిల్టన్ నాయకత్వమున పోయిన ఎండ్యూరెన్స్ నౌక 1915 జనవరిలో వెడ్డెల్ సముద్రపు మంచులో చిక్కుకొనెను. పది నెలలపాటు మంచు ఆ నౌకను బిగించి బిగించి నలిపివేసెను. హర్లీ చిత్రించిన గాజుపలకలు మునుగుచున్న నౌకలోపల ఉండిపోయినవి. ఆయన బట్టలు విప్పి, మంచుముక్కలు తేలు నీటిలో మునిగి, మూతలు అతికిన లోహపు పెట్టెలను పైకి తెచ్చెను. కాని మంచుపై ప్రయాణమునకు అంత బరువు తగదు. హర్లీయు షాకిల్టనును మంచుపై కూర్చుండి పలకలను ఒక్కొక్కటిగ పరిశీలించి, దాదాపు 120 ఉంచుకొని, మిగిలిన దాదాపు 400 పలకలను అక్కడికక్కడే పగులగొట్టిరి. మరల మనసు మారి వెనుకకు పోయి తెచ్చుకొందుమను ఆశ మిగులకుండుటకే అట్లు చేసిరి. ఆపైన హర్లీకి మిగిలినది జేబులో పట్టు చిన్న కెమేరాయు, మూడు చుట్టల ఫిల్మును మాత్రమే. 28 మంది మనుష్యులును బ్రతికి వచ్చిరి. ఆ పలకలును వచ్చినవి.

ఆ నౌక 1915 నవంబరు 21న మునిగిపోయెను. 2022 మార్చిలో వెడ్డెల్ సముద్రమున 3,008 మీటర్ల లోతున దానిని కనుగొని, యంత్రములచే చిత్రములు తీసిరి. కొయ్యను తొలుచు పురుగులు ఆ సముద్రమున లేకుండుటచే కొయ్య చెడలేదు. వెనుకభాగమున పేరు స్పష్టముగా చదువనగును. సముద్రజీవులు దానిపై కాపురము పెట్టియున్నవి. నూరేండ్లు దాటిన పిమ్మట హర్లీ చిత్రమునకు సముద్రము తానే సాక్ష్యమిచ్చినది.

ఇట్టి ధీరుని విషయముననే మనము చేదుగా నున్న ఒక సత్యమును చెప్పుకొనవలసియున్నది. 1916 ఏప్రిల్ 24న షాకిల్టను ఐదుగురితో చిన్న పడవయెక్కి సహాయమునకై బయలుదేరుచుండగా, ఏనుగుదీవి ఒడ్డున మిగిలినవారు చేతులూపిరి. ఆ వీడుకోలు చిత్రమునకు మెరుగులు దిద్ది, ఆగస్టు 30న జరిగిన రక్షణ దృశ్యముగా తరువాత లోకమునకు చూపిరి. మనుష్యులు వారే, ఒడ్డు అదియే, ఊపిన చేతులును నిజమే. కాని అవి పొమ్మనుచు ఊపిన చేతులే గాని రమ్మనుచు ఊపినవి కావు. చిత్రమున గీత మార్చుటకంటె చిత్రము క్రింది మాట మార్చుట ఎంత సులభమో చూడుడు!

నేను లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడను. మా పెద్దలు అజమాయిషీ అను మాటను గౌరవముతో పలుకుచుండిరి. పొలమునకు పోయి, గట్టుమీద నిలిచి, పైరును కన్నులార చూచి అడంగలులో వ్రాయుట అజమాయిషీ. ఇంటి అరుగుపై కూర్చుండి ఊహించి వ్రాసినది, అది నిజమే అయినను, అజమాయిషీ కాదు. ధ్రువసముద్రములలో ఛాయాగ్రాహకుడు చేయునది అజమాయిషీయే. చూచినదెంత, ఊహించినదెంత యను గీటు చెరిగినచో పుస్తకమంతయు చెడును.

ఆ గీటు చెరిగిన దృష్టాంతములు కొన్ని చెప్పెదను. 1958లో డిస్నీ సంస్థవారు ఉత్తర ధ్రువజీవులపై ఒక చలనచిత్రము తీసిరి. లెమ్మింగులను చిన్న యెలుకజాతి జంతువులు గుంపులుగా కొండకొననుండి సముద్రములో దుమికి ప్రాణత్యాగము చేయునట్లు అందు చూపిరి. ఆ చిత్రమునకు అమెరికాలో గొప్ప బహుమానము లభించెను. కాని ఆ దృశ్యము తీసినది కెనడాలోని ఆల్బర్టాలో, సముద్రములేని చోట. లెమ్మింగులు ఆ ప్రాంతపువి కావు. వేరొక చోటినుండి కొని తెచ్చినవి. అవి తమంతట దుమకలేదు, వానిని త్రోసిరి. క్రింద నున్నది నది. 1982లో కెనడా ప్రసారసంస్థవారు దీనిని బయటపెట్టిరి. అయినను లెమ్మింగులు ఆత్మహత్య చేసికొనునను మాట నేటికిని లోకమున తిరుగుచున్నది. దొంగపద్దు కొట్టివేసినను దాని వడ్డీ పెరుగుచునే యుండును.

2011లో బ్రిటిష్ ప్రసారసంస్థవారి ధ్రువజీవుల ధారావాహికలో తెల్ల యెలుగుబంటి పిల్లలు మంచుగుహలో జన్మించిన దృశ్యము నెదర్లండ్సులోని జంతుశాలలో తీసినదని తెలియగానే పెద్ద చర్చ చెలరేగెను. అడవి యెలుగుబంటి గుహలో దీపము పెట్టి కెమేరా దూర్చినచో తల్లికిని పిల్లలకును అపాయమని నిర్మాతలు సమాధానము చెప్పిరి. ఆ సమాధానము న్యాయమే. ఆ సంగతిని వేరుచోట ముందే ప్రకటించియుండిరి గూడ. అయినను చూచుచున్నవానికి చూచుచున్న క్షణమున చెప్పియుండిన చర్చయే లేకుండెడిది గదా!

మూడవది మరింత సూక్ష్మమైనది. 2017లో కెనడా ఉత్తరమునగల సోమర్సెట్ ద్వీపమున ఎముకలు తేలిన ఒక యెలుగుబంటి కాళ్లీడ్చుచు పోవుటను పాల్ నిక్లెన్, క్రిస్టినా మిట్టర్‌మేయర్ బృందమువారు చిత్రించిరి. నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికవారు వాతావరణమార్పు ఇట్లుండునని దానికి శీర్షిక పెట్టిరి. కోట్లకొలది జనులు చూచి కన్నీరు పెట్టిరి. కాని ఆ ఒక్క జంతువు ఆకలిచే కృశించెనో, రోగముచే కృశించెనో, గాయముచేతనో, చిత్రము చెప్పజాలదు. 2018లో ఆ పత్రికవారే తమ శీర్షిక హద్దు మీరినదని ఒప్పుకొనిరి. మిట్టర్‌మేయరును ఆ విషయమై ఒక వ్యాసము వ్రాసెను. ఒప్పుకొనుట వారి పెద్దరికము.

ఇందువలన మంచు కరగుట అబద్ధమని ఎవరైన అనినచో అది మరింత పెద్ద పొరబాటు. హడ్సన్ అఖాతపు పడమటి తీరమున విమానములనుండి చేసిన సర్వేలలో యెలుగుబంట్లు 2016లో 842గాను, 2021లో 618గాను అంచనా వేయబడినవి. ఒక్క యెలుగుబంటి చిత్రము హృదయమును కదలించును. ఈ రెండు అంకెలు బుద్ధిని కదలించును. చిత్రముచే అంకెల పని చేయింపబూనినప్పుడే చిక్కు వచ్చినది. ఒక్క చిత్రము శీర్షిక తప్పని తేలగా, మంచు కరగుటను నమ్మనివారు దానిని పట్టుకొని వేయి నిజములను త్రోసివేయజూచిరి. మంచి ఉద్దేశముతో వ్రాసినను తప్పుపద్దు తప్పుపద్దే.

ఇక నీటి అడుగుకు పోవుదము. మంచుకప్పుక్రింద ఈదువాడు నీరు చొరని దుస్తులు తొడిగి, మంచులో కోసిన బొరియగుండ దిగును. పైకి వచ్చుటకు దారి ఆ బొరియ ఒక్కటియే. ఊపిరినిచ్చు సాధనమే గడ్డకట్టి చెడవచ్చును. అయినను వసంతారంభమున, సూక్ష్మజీవులు పెరుగకమునుపు, ఆ నీరు ఎంత నిర్మలమనగా వంద మీటర్లకు మించి కనబడును.

పైన చెప్పిన నిక్లెన్ బాల్యమున బాఫిన్ ద్వీపమున ఇన్యూట్ జనుల నడుమ పెరిగినవాడు. 2006లో ఆయన అంటార్కిటికా నీటిలో చిరుతసీలు అను భయంకర జంతువును చిత్రించుటకు దిగెను. పన్నెండడుగులు దాటిన ఆడసీలు ఒకటి ఎదురై, కెమేరాను కబళింపబోవునట్లు నోరు తెరచెను. పిదప ఒక పెంగ్వినును పట్టి తెచ్చి ఆయన ఎదుట విడిచెను. ఆయన పట్టుకొనలేదు. నీరసించిన పెంగ్వినును తెచ్చెను. చచ్చిన పెంగ్వినును తెచ్చెను. నాలుగు దినములు ఇట్లే జరిగెను. చేతగానివానికి అన్నము పెట్టజూచినదని నిక్లెన్ భావము. ఆ భావము మనోహరమైనది. కాని ఇచటను గీటు గీయుదము. సీలు పెంగ్వినును కెమేరా ముందుంచినది: ఇది చూచినది. దయతో ఉంచినది: ఇది ఊహించినది. నిక్లెన్ రెండింటిని చెప్పుచు, రెండవది తన అభిప్రాయమని తెలియునట్లే చెప్పెను. కావుననే ఆ కథ మధురముగను నున్నది, నమ్మదగినదిగను నున్నది.

రాస్ సముద్రమున ఎంపరర్ పెంగ్విన్లు నీటి అడుగునుండి బుడగల తోకలతో బాణములవలె పైకి దూసుకొనివచ్చు చిత్రమునకు ఈ నిక్లెనుకే 2012లో లండన్ ప్రకృతిశాస్త్ర సంగ్రహాలయపు పోటీలో ప్రథమ బహుమతి వచ్చెను. అందలి బుడగలు అలంకారము కావు. పెంగ్విన్ తన ఈకల నడుమ గాలిని నింపుకొని, పైకి వచ్చునపుడు సన్నని బుడగలుగా విడుచును. ఆ బుడగలు నీటి రాపిడిని తగ్గించి వేగమును పెంచునని, నీటిలో తీసిన చలనచిత్రములను లెక్కవేసి 2011లో శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి.

లెక్కవేయు మాట వచ్చినది గనుక నా మనసునకు మిక్కిలి నచ్చిన దృష్టాంతమును చెప్పెదను. 2021 ఫిబ్రవరిలో పోలార్‌స్టెర్న్ అను జర్మను పరిశోధననౌక వెడ్డెల్ సముద్రమున మంచుక్రింద కెమేరాను త్రాటితో లాగుచు, 420 మొదలు 535 మీటర్ల లోతున సముద్రపు అడుగును చిత్రించెను. అందు వరుసవెంట వరుసగా గుండ్రని గుంటలు కనబడెను. అవి మంచుచేప యొక్క గూళ్లు. ఈ జాతి చేపల నెత్తుట ఎర్రని పదార్థము లేదు. ఒక్కొక్క గూటిలో సగటున 1,735 గ్రుడ్లు; పెక్కు గూళ్లపై ఒక్కొక్క చేప కాపలా. చిత్రములలో ఎంచిన గూళ్లు 16,160. ఆ ప్రాంతము 240 చదరపు కిలోమీటర్లకు తక్కువ కాదు గనుక మొత్తము దాదాపు ఆరు కోట్ల గూళ్లుండునని అంచనా. ఎంచినది ఎంతయో, అంచనా వేసినది ఎంతయో ఆ శాస్త్రజ్ఞులు రెండు వేరు పద్దులుగా వ్రాసిరి. లెక్క వ్రాయుట అనగా ఇది!

2025 మార్చిలో దక్షిణ శాండ్విచ్ దీవులవద్ద దాదాపు 600 మీటర్ల లోతున మహాస్క్విడ్ అను జీవిని, అది బ్రతుకు చోటనే, మొదటిసారి ఒక యంత్రము చిత్రించినది. ఆ జీవికి శాస్త్రజ్ఞులు 1925లో పేరుపెట్టిరి. నూరేండ్లపాటు అది తిమింగలముల కడుపులలో దొరకిన ముక్కలచేతను, వలలకు చిక్కిన శరీరములచేతను మాత్రమే తెలియుచుండెను. చిత్రించిన పిల్ల పొడవు దాదాపు 30 సెంటిమీటర్లు మాత్రమే. మహాస్క్విడ్ అను పేరు విని మహాకాయమును ఆశించినవారికి గాజువలె పారదర్శకమైన చిన్న పిల్ల కనబడెను. కనబడినదానినే చూపిరి, పెద్దది చేసి చూపలేదు.

ఆకాశమునుండి ఉపగ్రహములును నేడు చిత్రములు తీయుచున్నవి. మంచుపై పెంగ్విన్ల రెట్టమరకలను బట్టి వాని కాలనీలను గుర్తింతురు. 2022 చివర బెల్లింగ్స్‌హాసెన్ సముద్రప్రాంతమున ఐదు కాలనీలలో నాలుగింట, పిల్లలకు నీటికి తడియని ఈకలు రాకమునుపే మంచు విరిగిపోయినదని, పిల్లలు దక్కలేదని ఆ చిత్రములు చూపినవి. ఆ చిత్రములలో కన్నీరు లేదు, కృశించిన శరీరము లేదు. మరక ఉండెను, పిదప మరక క్రింది మంచు లేదు. అంతియే. కాని కాపురములు కూలిన సంగతిని ఇంతకంటె గట్టిగా చెప్పు సాక్ష్యమేమి కావలెను?

భారతకథలో సంజయుడు దూరమున జరుగు యుద్ధమును అంధుడైన రాజునకు వినిపించెను. తన కొడుకులు గెలుచుచున్నారని వినగోరినవాడు ధృతరాష్ట్రుడు. వినగోరినది చెప్పిన సంజయుడు సేవకుడు మాత్రమే అగును. జరిగినది చెప్పినందువలననే సాక్షియయ్యెను. మంచుకడలి విషయమున మనమందరము ధృతరాష్ట్రులమే. మనలో అచటికి పోగలవారెందరు? ఎవరో పోయి చూచి చెప్పవలసినదే. కావున సాక్షి నిజాయతీపై మన చూపంతయు ఆధారపడియున్నది.

అట్లని మనకు పని లేకపోలేదు. భూమి దస్తావేజునకు నాలుగు హద్దులు వ్రాయుదురు. చెక్కుబంది లేని దస్తావేజును ఎవరును మన్నింపరు. చిత్రమునకును నాలుగు హద్దులు కావలెను. తీసినవారెవరు? ఎచట తీసిరి? ఎప్పుడు తీసిరి? ఎట్లు తీసిరి, అనగా జంతువు తనంతట వచ్చినదా, తెచ్చి నిలిపినదా? ఈ నాలుగును తెలిసినచో చిత్రము సాక్ష్యము. తెలియనిచో అలంకారము. అలంకారమును చూచి ఆనందింపవచ్చును గాని, దానిని పట్టుకొని తీర్పు చెప్పరాదు. నేడు యంత్రములే లేని జంతువును ఉన్నట్లు, జరుగని ఘట్టమును జరిగినట్లు క్షణములో చిత్రించుచున్నవి. చేతిలోని ఫోనుగుండ అట్టివి దినమునకు పదులకొలది మనయింటికి వచ్చుచున్నవి. కావున ఈ నాలుగు హద్దుల పరీక్ష పూర్వముకంటె నేడు మరింత అవసరము.

గ్రంథాలయాధికారులకు నా విన్నపము ఒక్కటి. చిరిగిన బొమ్మల పుస్తకములను అతికించునపుడు బొమ్మను మాత్రము దక్కించి, క్రింది చిన్న అక్షరములను కత్తిరింపకుడు. ఆ చిన్న అక్షరములే హద్దులు. పిల్లలకు బొమ్మ చూపు తల్లిదండ్రులు ఆ అక్షరములను గూడ చదివి వినిపింపుడు. మంచునీట మునిగి పలకలను పైకి తెచ్చినవారి కష్టమునకు మనము చెల్లింపగల కప్పము అంతమాత్రమే.